ఇన్‌ఫ్రారెడ్ గ్రిల్ మీద ఇంటి వెనకాల వంట: కొనడం నుంచి కడగడం దాకా

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల సాయంత్రం ఏడు దాటాక ఏ షవర్మా బండి ముందు నిలబడ్డా ఒక తమాషా కనిపిస్తుంది. నిలువు సీకుకు గుచ్చిన కోడిమాంసం మెల్లగా తిరుగుతుంటుంది. దాని వెనకాల మంట కనపడదు. నిప్పు రంగులో వెలిగే నాలుగైదు పలకలుంటాయి, అంతే. గాలి మన వెనక నుంచి బండి వైపు వీస్తున్నా ముఖానికి సెగ తగులుతూనే ఉంటుంది. ఒకసారి బండి అబ్బాయిని అడిగాను, "తమ్మీ, మంట కనపడదేంది?" అని. "మంట జాలీ లోపల్నే ఉంటది సార్. జాలీ ఎర్రగైతె చాలు, కోడి కాల్తది" అన్నాడు.

ఇన్‌ఫ్రారెడ్ గ్రిల్ గురించి ఆ తర్వాత నేను చదివినదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. షవర్మా బండిలో నిలువుగా నిలబెట్టిన పలకను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పైన ఇనుప జాలీ పెడితే అదే పెరటి ఇన్‌ఫ్రారెడ్ గ్రిల్.

మా ఇంటికి అది అమెరికా నుంచి తిరిగొచ్చిన మా బావ సామాన్ల కంటైనర్లో వచ్చింది. మొదటి దసరా దావత్‌కు పద్నాలుగు మందిని పిలిచి, లెగ్ పీసులు దాని మీద పరిచి, మామూలు గ్యాస్ పొయ్యిలాగే నాబ్ తిప్పుకుంటూ కూర్చున్నాను. పది నిమిషాల్లో పైన బొగ్గు, లోపల ఎముక దగ్గర పచ్చి రక్తం. చివరికి ఆ ముక్కలన్నీ కుక్కర్లోకి పోయి పులుసు అయ్యాయి. "బాగుంది బావా, పులుసుల పొగ వాసన మస్తుగ వచ్చింది" అని మా బామ్మర్ది ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. ఆ రోజు నాకు తెలియనిది ఒక్కటే. ఈ గ్రిల్ మీద వంటను నడిపేది నాబ్ కాదు, ముక్కకూ పలకకూ మధ్య ఉన్న దూరం. ఈ వ్యాసం అంతా ఆ దూరం చుట్టూనే తిరుగుతుంది.

ముందు వేడి సంగతి

వేడి మూడు దారుల్లో వస్తుంది. అట్టు పెనం నుంచి నేరుగా తీసుకునేది ఒకటి. నూనెతోనో, నీళ్లతోనో, వేడిగాలితోనో వచ్చేది రెండోది. మధ్యలో ఏ ఆసరా లేకుండా వచ్చేది మూడోది. మూడోదానికి మే నెల వరంగల్ ఎండను మించిన ఉదాహరణ లేదు. గాలి 43 డిగ్రీలుంటే వేపచెట్టు కింద కూడా దాదాపు ఆ 43 డిగ్రీలే ఉంటుంది. అయినా నీడలోకి రాగానే ప్రాణం కుదుటపడుతుంది. ఎందుకంటే గాలి పెద్దగా మారలేదు, మీద పడే కిరణాలు ఆగాయి. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనపడని చోట పాదరసం ఇంకా పైకి ఎక్కింది. ఎరుపుకు అవతల ఉన్న ఆ కిరణాలే ఇన్‌ఫ్రారెడ్.

మనకు ఇది కొత్తేమీ కాదు. కుంపట్లో రగిలిన బొగ్గుల మీద కంకి కాలేది చాలా వరకు ఈ కిరణాలతోనే. గ్యాస్ బ్రూడర్లున్న కోళ్ల ఫారాల్లో పిల్లలను వెచ్చగా ఉంచేదీ ఇదే సెగ. అంటే అక్కడ పెరిగిన కోడికి ఇన్‌ఫ్రారెడ్ పుట్టినప్పుడూ తప్పదు, పోయాకా తప్పదు.

మామూలు గ్యాస్ గ్రిల్‌లో నీలి మంట గాలిని వేడి చేస్తుంది, ఆ గాలి జాలీ సందుల్లోంచి పైకి పోతూ ముక్కను కాలుస్తుంది. పోతూ పోతూ ముక్క మీది తడిని కూడా ఎత్తుకుపోతుంది. బట్టలు ఆరినట్టే మాంసమూ ఆరిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ బర్నర్లో సిరామిక్ పలకకు వందల సన్న రంధ్రాలుంటాయి. గ్యాస్, గాలి కలిసి వాటిలోంచి వచ్చి పలక పైపొరలోనే కాలిపోతాయి. ఒకటి రెండు నిమిషాల్లో పలక ఎర్రబడుతుంది. బాగా వెలిగే పలక ఉపరితలం 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. వేడి వస్తువు వెదజల్లే కిరణాల శక్తి దాని పరమ ఉష్ణోగ్రతకు (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 350 డిగ్రీల పెనంతో పోలిస్తే 900 డిగ్రీల పలక వెదజల్లేది రెండున్నర రెట్లు కాదు, దాదాపు పన్నెండు రెట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1 కిలోవాటు ఉంటే, ఈ పలక దాదాపు వంద కిలోవాట్లు. మన మే నెల ఎండను వందతో హెచ్చవేసి చికెన్ మీద పెట్టినట్టు. దసరా రోజు నా లెగ్ పీసులకు ఏమైందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

అంత వేడికి పలక నుంచి ఎక్కువగా వచ్చే కిరణాల పొడవు రెండున్నర, మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టూ ఉంటుంది. నీళ్లు బాగా పీల్చుకునేవి కూడా అక్కడికి దగ్గర్లోనివే. మాంసంలో మూడొంతుల దాకా నీళ్లే కాబట్టి పైపొర ఈ కిరణాలను గటగటా తాగేస్తుంది. కానీ కిరణాలు లోపలికి దిగేది మిల్లీమీటరులో కొంత భాగం వరకే. "లోపలి నుంచి ఉడుకుతుంది" అని దుకాణాల్లో చెప్పే మాట నమ్మకండి. లోపలికి వేడి పోయేది మామూలుగానే, పైనుంచి మెల్లమెల్లగా. పైపొరకు రాకెట్ వేగం, లోపలికి ఎడ్లబండి వేగం. ఈ రెండింటినీ ఒకేసారి గమ్యం చేర్చడమే మన పని.

రేడియేషన్ అనగానే భయపడేవాళ్లకు ఒక మాట. ఇది ఎక్స్‌రే లాంటిది కాదు, కుంపటి సెగే. భయపడాల్సింది నల్లగా మాడిన మాంసానికి, కొవ్వు కారి మండితే లేచే నల్ల పొగకు. ఆ రెండూ బొగ్గుల మీదైనా ప్రమాదమే.

ఏ రకం కొనాలి

ఇన్‌ఫ్రారెడ్ అని పేరు పెట్టి అమ్మేవన్నీ ఒకటి కావు. మొదటిది నేను పైన చెప్పిన తెరిచిన సిరామిక్ పలక. వేగం దీనిదే, మొండితనమూ దీనిదే. మంట బాగా తగ్గిస్తే పలక ఎరుపు పోయి, మంట అటూ ఇటూ ఊగుతుంది. అందుకే సన్న సెగ దీని నుంచి రాబట్టడం కష్టం. రెండో రకంలో మామూలు బర్నర్ మీద మందపాటి స్టీలు పలకో, ప్రత్యేకమైన గాజు పలకో కప్పుతారు. మంట పలకను వేడి చేస్తుంది, పలక ముక్కను కాలుస్తుంది. వేడిగాలి ముక్క దాకా రాదు, కాబట్టి తడి నిలుస్తుంది. సెగ మొదటి రకం అంత తీవ్రంగా ఉండదు, నాబ్ మాట కూడా కొంత వింటుంది. మన కోడికి, చేపకు ఇదే సుఖం.

మూడో రకంలో పలక పైన ఉంటుంది, ముక్క కింద. కొవ్వు పలక మీద కారదు కాబట్టి మంటలు లేవవు. ముక్క పైన రంగు తెప్పించడానికి హోటళ్లలో వాడతారు. పెరటికి అంత అవసరం లేదు.

నాలుగోది కరెంటుది. ఈ మధ్య మన దుకాణాల్లో ఇండక్షన్ పక్కనే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ అని అమ్ముతున్నారు. గాజు కింద తీగ చుట్ట ఎర్రబడుతుంది, గిన్నె ఏదైనా పని చేస్తుంది, కొన్నిటికి గ్రిల్ జాలీ కూడా వస్తుంది. ఇద్దరు ముగ్గురికి, అపార్టుమెంట్లో ఉండేవాళ్లకు చాలు. 2000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఏసీకి, గీజర్‌కు పెట్టే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. సెల్‌ఫోన్ చార్జర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కొచ్చి పెరట్లో పెట్టారో, కోడి కంటే ముందు బాక్సు కాలుతుంది.

నన్నడిగితే మొదటిసారి కొనేవాళ్లు రెండో రకం తీసుకోవాలి. మొదటి రకమే కావాలంటే రెండు బర్నర్లలో ఒకటి సిరామిక్, ఒకటి మామూలుది ఉన్నది చూడండి. మొత్తం సిరామిక్ పలకలే ఉన్నది కొంటే సెగ తగ్గించుకోవడానికి చోటే ఉండదు. మాది అలాంటిదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గ్యాస్ కలపడం

బయటి నుంచి తెచ్చిన గ్రిల్ అయితే ఇక్కడ తొందరపడొద్దు. అమెరికా ప్రొపేన్ గ్రిల్లు దాదాపు 28 మిల్లీబార్ల ఒత్తిడికి తయారవుతాయి. మన 14.2 కిలోల ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30. ఒత్తిడి దగ్గర్దగ్గరే, కానీ అక్కడి కనెక్టర్ మన సిలిండర్ మూతికి పట్టదు. పైగా మన ఎల్పీజీలో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కలిసి ఉంటుంది, దానికి ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి. గాలి చాలకపోతే పసుపు మంట, మసి. జెట్ (గ్యాస్ బయటికి వచ్చే సన్న రంధ్రం), గాలి సందు చూసి సరిచేయగల గ్యాస్ మెకానిక్‌తోనే ఈ పని చేయించండి. మా దగ్గరికి మొదట వచ్చిన ఒకాయన "పైపు మీద క్లిప్పు గట్టిగ బిగిస్తె అయిపాయె" అన్నాడు. ఆయనకు చాయ్ ఇచ్చి పంపించాను. పైపుల్లో వచ్చే సహజ వాయువు కోసం చేసిన గ్రిల్‌కు జెట్ మార్చకుండా ఎల్పీజీ అసలే పెట్టొద్దు. క్యాటరింగ్ భట్టీలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ కూడా ఇంటి గ్రిల్‌కు పనికిరాదు.

పైపు ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా పైపే వాడండి. దాని ఆయుష్షు అయిదేళ్లు, తయారీ తేదీ పైపు మీదే ఉంటుంది. కలిపాక సబ్బు నురగ ప్రతి అతుకు మీదా రాసి చూడండి. బుడగ లేస్తే లీకు ఉన్నట్టే.

ఖర్చు సంగతి కూడా చెప్పుకుందాం. 4 కిలోవాట్ల బర్నర్ పూర్తి మంట మీద గంటకు మూడు వందల గ్రాములకు కాస్త ఎక్కువ గ్యాస్ తాగుతుంది. రెండు గంటల దావత్‌కు ముప్పావు కిలో కూడా కాదు. బొగ్గుల బస్తాతో పోల్చి మీరే లెక్కేసుకోండి.

ఎక్కడ పెట్టాలి

ఇంటి వెనకాల జాగాలో, గోడకు కనీసం మూడడుగుల ఎడంగా, చదునైన నేల మీద పెట్టాలి. రేకుల షెడ్డు కింద, టార్పాలిన్ కింద, బట్టలారేసిన తీగ కింద వద్దు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే గుంటల్లోకి దిగి కూర్చుంటుంది. కాబట్టి సంపు మూత దగ్గర, సెల్లార్లో పెట్టొద్దు. స్లాబు మీద చేసేవాళ్లు గాలి చూసుకోవాలి. పెద్ద గాలి పలకను చల్లబరుస్తుంది. గ్రిల్ వెనక వైపు నుంచి గాలి నేరుగా కొట్టకుండా తిప్పి పెట్టండి.

వెలిగించడం, జాగాలు గుర్తుపట్టడం

మూత తెరిచి ఉంచే గ్యాస్ తిప్పాలి. మూసి ఉంచి తిప్పితే లోపల గ్యాస్ నిండి, నిప్పురవ్వ పడగానే మూత లేచిపోతుంది. నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే ఆపేసి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. తెరిచిన సిరామిక్ బర్నర్ పూర్తిగా మండుతున్నంత సేపు మూత మూయొద్దని చాలా గ్రిల్లుల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. లోపల గాలి చాలదు, పలక తట్టుకోదు. కొత్త గ్రిల్‌ను మొదటిసారి ఏమీ పెట్టకుండా ఇరవై నిమిషాలు మండించండి. ఫ్యాక్టరీ నూనె వాసన పోతుంది.

తర్వాత అసలు పని. ఒక బ్రెడ్ ప్యాకెట్ కొనుక్కొచ్చి జాలీ అంతా ముక్కలు పరవండి. ఒక నిమిషం ఆగి అన్నీ తిప్పి చూడండి. ఎక్కడ నల్లబడింది, ఎక్కడ బంగారు రంగు వచ్చింది, ఎక్కడ తెల్లగానే ఉంది అన్నది కళ్ల ముందు పటంలా కనిపిస్తుంది. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ముప్పై రూపాయల బ్రెడ్‌తో నేర్చుకున్నది నాకు మూడు దావత్‌లు నేర్పలేదు.

దీని వెనక చిన్న సూత్రముంది. బల్బు లాంటి చిన్న వస్తువు నుంచి దూరం రెట్టింపైతే సెగ నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ మన పలక వెడల్పుగా ఉంటుంది. దాని మీద రెండంగుళాల ఎత్తు నుంచి మూడంగుళాలకు జాలీని లేపినా ముక్కకు పెద్ద తేడా తెలియదు. ఎనిమిది, పది అంగుళాలకు పోతే తెలుస్తుంది. అదే ముక్కను పలక అంచు దాటించి పక్కకు జరిపితే సెగ వెంటనే పడిపోతుంది. కాబట్టి లేపడం కంటే జరపడం మేలు. నేను మూడు జాగాలు పెట్టుకున్నాను. పలక నడిమి మీద ఒకటి, అంచు మీద ఒకటి, పలక లేని పక్కన ఒకటి. మీద, అంచు, పక్క. మీ గ్రిల్ అంతా పలకే అయితే, వెల్డింగ్ షాపులో నాలుగు కాళ్లతో పదంగుళాల ఎత్తు స్టాండు, దాని మీద జాలీ చేయించుకోండి. నేను అదే చేశాను. అదే నాకు "పక్క".

అల్యూమినియం ఫాయిల్‌ను కూడా మరవొద్దు. మెరిసే లోహం ఇన్‌ఫ్రారెడ్‌ను అద్దంలా తిప్పికొడుతుంది. లెగ్ పీసు ఎముక చివర మాడకుండా చిన్న ముక్క చుడితే చాలు. ఇదే కారణంతో, తుపాకీలా పట్టుకుని చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే స్టీలు మీద తప్పు చూపిస్తుంది. నల్లబడిన జాలీ మీద చూస్తే కాస్త నమ్మొచ్చు. అది చెప్పేదీ పైపొర సంగతే. మాంసం లోపలికి గుచ్చే థర్మామీటరు విడిగా కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే డబ్బుల్లో దానికి పెట్టినదే సార్థకం.

మసాలా

మన అలవాటు ముక్కలకు మసాలా దట్టంగా పట్టించడం. ఇక్కడ అది పనికిరాదు. దట్టమైన మసాలా ముక్క కంటే ముందు మాడి చేదెక్కుతుంది. పలక మీద కారితే రంధ్రాలు పూడుతాయి. పెరుగు గుడ్డలో వేలాడగట్టి నీళ్లు తీసేసినదే వాడండి. తేనె, చక్కెర కలిపితే రంగు రాకముందే బొగ్గవుతుంది.

కారానికి నా ఓటు వరంగల్ చపాటా మిర్చికి. జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతానికే చెందినదన్న ముద్ర, ఉన్న మన పంట. ముద్దగా, టమాటలా ఉంటుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కాలినప్పుడు గొంతు పట్టేసే ఘాటు లేకుండా ఎర్రటి రంగు నిలుస్తుంది. కిలో చికెన్‌కు ఎనిమిది చపాటా కాయలు గింజలు తీసి వేడినీళ్లలో నానబెట్టి రుబ్బండి. అందులో వంద గ్రాముల గట్టి పెరుగు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి, కాస్త పసుపు, 15 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల నూనె. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో. గ్రిల్ మీద పెట్టబోయే ముందు ముక్క మీది మసాలా వేలితో తుడిచేసి, సన్నని పొర మాత్రమే ఉంచి, పైన నూనె చేతితో రాయండి. తుడిచిన మసాలా పారేయొద్దు. పచ్చిమాంసం తగిలింది కాబట్టి బాణలిలో బాగా ఉడికించి చట్నీ చేసుకోవచ్చు.

పైపొర తడిగా ఉంటే రంగు రాదు. మాంసం గోధుమ రంగుకు తిరిగి కమ్మని వాసన వచ్చేది పైపొర సుమారు 140 డిగ్రీలు దాటాకే. తడి ఉన్నంత సేపు వంద దగ్గరే ఆగిపోతుంది.

ఒక్కోటీ ఎలా కాల్చాలి

చికెన్ లెగ్ పీసులు స్కిన్‌తో అడిగి తెచ్చుకోండి. మన దగ్గర అడగకపోతే స్కిన్‌లెస్సే కొట్టిస్తారు. ఎముక దాకా మూడు గాట్లు పెట్టండి. ముందు "పక్క"న పెట్టి, నాలుగైదు నిమిషాలకోసారి తిప్పుతూ ఇరవై అయిదు నుంచి ముప్పై నిమిషాలు. ఎముకకు తగలకుండా గుచ్చి చూస్తే లోపల 70 డిగ్రీలు కనపడగానే "మీద"కి తెచ్చి ఒక్కో వైపు ఒక్క నిమిషం. అంతే. దించేటప్పటికి కోడికి లోపల 74 డిగ్రీలు తప్పనిసరి, లెగ్ పీసు 80 దాటినా చెడదు, ఇంకా మెత్తబడుతుంది. నెమ్మది ముందు, నిప్పు చివర. నేను దసరా రోజు చేసింది దీనికి సరిగ్గా ఉల్టా.

నాటుకోడి నేరుగా గ్రిల్ మీద పెట్టొద్దు, పళ్లు నొప్పి పెడతాయి. యాట మాంసం కూడా అంతే. మన మేకపోతు, పొట్టేలు కూర ముక్కలు గట్టివి, మెల్లగా ఉడకాల్సినవి. రెండు దారులున్నాయి. చాప్స్‌కు పచ్చి బొప్పాయి ముద్ద కిలోకు రెండు చెంచాలు పట్టించి రెండు గంటలు ఉంచొచ్చు, అంతకంటే ఎక్కువసేపు ఉంచితే పైపొర పిండిలా అవుతుంది. లేదంటే ఉప్పు, పసుపు, అల్లంతో కుక్కర్లో ముందే మెత్తబరిచి, నీళ్లు ఆరబెట్టి, నూనె రాసి, "మీద" ఒక్కో వైపు నిమిషంన్నర. రెండో దారిని చూసి మోసం అనేవాళ్లుంటారు. వాళ్లను నమలమనండి. కుక్కర్లో మిగిలిన నీళ్లతో బగారన్నం వండితే ఆ మాట కూడా మరిచిపోతారు.

కార్జం మాత్రం ఈ గ్రిల్ కోసమే పుట్టింది. అంగుళం ముక్కలు సీకుకు గుచ్చి, ఉప్పు, మిరియాలు, నూనె. "మీద" ఒక్కో వైపు రెండు నిమిషాలు, లోపల పచ్చి పోయేదాకా. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే రబ్బరు. ఖీమా సీకులు "అంచు"న పెట్టి మెల్లగా తిప్పాలి, లోపల 71 డిగ్రీలు రావాలి. ఖీమాలో కొవ్వు ఎక్కువుంటే కారి మంట లేస్తుంది. లేస్తే నీళ్లు చల్లొద్దు, ముక్కను పక్కకు జరపండి.

చేపల్లో కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప అయినందుకు కాదు, ముళ్లు తక్కువ, కండ గట్టి కాబట్టి. అంగుళం మందం ముక్కలు, చర్మంతోనే. జాలీని బాగా వేడెక్కనిచ్చి, నూనె జాలీకి కాకుండా చేపకు రాయండి. "అంచు"న ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. తిప్పబోతే అంటుకుంటుంటే ఇంకా సమయం కాలేదని అర్థం. కాలిన చేప తనంతట తానే జాలీని వదులుతుంది. అరిటాకులో చుట్టి పెట్టాలని కొందరికి సరదా. బాగానే ఉంటుంది, కానీ అప్పుడు కిరణాలు తాగేది ఆకు, చేప ఉడికేది ఆవిరిలో.

వానాకాలంలో మక్క కంకులు. పాలకంకి అయితే మేలు. "అంచు"న పెట్టి నిమిషానికోసారి తిప్పుతూ ఎనిమిది, పది నిమిషాలు. బొగ్గుల మీద బూడిద అంటుకుంటుంది, ఇక్కడ అది లేదు. ముదురు కంకి గింజలు టపాటపా పేలి ముఖం మీదికి వస్తాయి, పిల్లలను దూరంగా కూర్చోబెట్టండి. పచ్చడి వంకాయలను నాలుగు చోట్ల పొడిచి "మీద" పెట్టండి, పొడవకపోతే పగులుతాయి. తొక్క నల్లబడి ముడుచుకుంటే అయిపోయినట్టే. పనీర్ "మీద" ఒక్కో వైపు నిమిషం లోపే.

దించిన మాంసాన్ని అయిదు నిమిషాలు ఊరికే వదిలేయండి. ఆ అయిదు నిమిషాల్లో పైపొర వేడి లోపలికి నడుస్తుంది. కాకపోతే మా ఇంట్లో ఆ అయిదు నిమిషాలు కాపలా కాయడమే గ్రిల్ చేయడం కంటే కష్టం.

శుభ్రం, వానాకాలం

వంట అయిపోగానే పలకను పూర్తి మంట మీద మరో పది నిమిషాలు వదిలేయాలి. దాని మీద పడిన కొవ్వు, మసాలా బూడిదై రాలిపోతాయి. పలకను బ్రష్షుతో రుద్దొద్దు, నీళ్లు పోయొద్దు. ఎర్రగా ఉన్న సిరామిక్ మీద నాలుగు వాన చినుకులు పడినా చిట్లుతుంది. జాలీని మాత్రం వేడిగా ఉండగానే రుద్దాలి. ఇనుప తీగల బ్రష్షు వాడితే వెంట్రుక లాంటి తీగ ఊడి తిండిలోకి పోతుంది, గొంతులో గుచ్చుకుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది. సగం కోసిన ఉల్లిగడ్డను పొడుగు ఫోర్కుకు గుచ్చి రుద్దండి, లేదా కొబ్బరి పీచు.

చల్లారాక కవరు కప్పాలి. తడి జాలీ మీద కవరు కప్పితే జూలైలో రెండు వారాలకే తుప్పు. నెలల తరబడి వాడకుండా పెట్టినప్పుడు ఇంకో సమస్య, మాకు జరిగింది. బర్నర్‌కు గ్యాస్, గాలి కలిసి పోయే గొట్టంలో కందిరీగ మట్టి గూడు పెట్టింది. బయటికి ఏమీ తెలియదు. వెలిగించగానే పలక సగం ఎర్రబడి, లోపల్నుంచి టప్‌మని చప్పుడు వచ్చి, ఈల వేసినట్టు కూత మొదలైంది. మంట పలక పైన కాకుండా వెనక్కి, గొట్టంలోకి పోయిందన్నమాట. సాలెగూడు పట్టినా, పలక చిట్లినా ఇలాగే అవుతుంది. ఆ కూత వినపడగానే ముందు సిలిండర్ దగ్గర ఆపేయండి. పూర్తిగా చల్లారాక గొట్టం ఊడదీసి, సన్న బ్రష్షుతో దులిపి, టార్చి వేసి అవతలి వెలుతురు కనపడుతోందో లేదో చూడండి. పలక మీద వెంట్రుకంత పగులు కనపడినా పలక మార్చేదాకా వెలిగించొద్దు. మేమిప్పుడు గొట్టం మూతికి సన్నని స్టీలు జల్లెడ గుడ్డ చుట్టి ఉంచుతున్నాం, అది గాలిని ఆపకుండా చూసుకుని. వెలిగించే ముందు అది కూడా తీసి ఒకసారి దులుపుతాను.